పోగు తెగింది, ఆపు

మైపాడు గేటు దాటితే పంచర్ల కొట్టు,
దాని పక్కన నా షెడ్డు.
మేము దూదేకులోళ్లం. మా తాత ఏకువిల్లు మోగించుకుంటా
పెన్న ఒడ్డున ఊరూరా పరుపులు కుట్టాడు.
నా చేతికి దూది రాలేదు, గ్రీజొచ్చింది.

క్వాలిస్ సందు మలుపులో ఉండంగానే నాకు తెలుస్తుంది,
దాని గొంతు అట్టాంటిది.
మిగతా బండ్లోళ్లు పాడైతే వస్తారు,
క్వాలిస్ వాళ్లు బాగున్నా వస్తారు,
దాన్ని పొగడను ఎదురుగా ఒక మనిషి కావాల గదా.

ఇందుకూరుపేట రొయ్యల మేత ఏజెంటు మీరాసాబు
తలుపు కింద వేలు పెట్టి తుప్పు రాల్చి చూపిస్తాడు.
"ఉప్పుగాలి ఒళ్లంతా తినేసింది మావా,
గుండెకాయ మాత్రం ముట్టుకోలేకపోయింది."
పొదలకూరు చెంగల్రెడ్డి సీట్లు పీకేసి
నిమ్మకాయ బస్తాలు తోలాడు పదకొండేళ్లు.
ఇప్పటికీ ఏసీ వేస్తే పులుపు వాసన.
"మొహం చూస్తే బిస్కెట్ డబ్బా" అని వాడే తిడతాడు,
ఇంకొకడు అంటే మాత్రం కొట్టేదానికి లేస్తాడు.
గూడూరు నుంచి ఒకాయన అమ్మేసి కొత్తది కొన్నాడు.
"దాంట్లో తెరుంది, పాటలున్నాయి,
వారానికోసారి నీ షెడ్డూ ఉంది" అన్నాడు,
నవ్వలేదు.

పాటూరు భావనారాయణ సంగతి వేరే.
రెండు గుంట మగ్గాలు తెగనమ్మి
పాత క్వాలిస్‌కి అడ్వాన్సు కట్టినవాడు.
పెళ్లిళ్లకి, కొండకి, ఆస్పత్రికి బాడుగలు.
ఒకరోజు టీ తాగతా చెప్పాను,
మద్రాసు ట్రైనింగులో విన్న మాట.
"ఈ కంపెనీ మొదట చేసింది కార్లు కాదబ్బయా, మగ్గాలు.
జపాన్లో ఒక వడ్రంగి కొడుకు,
వాళ్లమ్మ నేస్తా పడే పాట్లు చూసి మొదలుపెట్టాడంట.
పోగు తెగితే తనంతట తానే ఆగే మగ్గం.
దాని హక్కులు తెల్లోళ్లకి అమ్మి
ఆ డబ్బుతో మోటార్లలోకి దిగారంట."

గ్లాసు సగంలో ఆపాడు.
"అయితే వాళ్లూ మగ్గం అమ్మే బండెక్కారా?"
కాసేపు రోడ్డు వంక చూశాడు.
"వాళ్లకి పేరొచ్చింది. నాకు కిస్తీ వచ్చింది."
మళ్లీ తనే,
"తానే ఆగేదైతే, మస్తానూ,
పక్కన కూర్చున్న మనిషికి పనేంది?"
నాకు జవాబు రాలేదు. టీ చల్లారింది.

మొన్న శుక్రవారం వాళ్లమ్మ వెంగమ్మని
కంటాస్పత్రికి తీసుకొస్తన్నాడు.
రెండు కళ్లలోనూ పొర, ఎనభై దాటిన మనిషి.
కోవూరు దాటి పెన్న వంతెన ఎక్కంగానే
వెనక సీట్లోంచి "పోగు తెగింది, ఆపు" అంది.
"ఇది మగ్గం కాదమ్మా."
"ఆపరా."
"ముందు లైటేమీ వెలగలేదే."
"లైటు నాకెట్టా కనపడుద్ది? ఆపు."

వంతెన దిగి బానెట్ ఎత్తితే
ఫ్యాను బెల్టు అంచు పీచులు పీచులుగా ఊడి
నడుమ ఒకే ఒక్క పోగు మీద తిరగతా ఉంది,
పడుగు చివర్న మిగిలిన దారం మాదిరి.

మెల్లిగా నడుపుకుంటా నా షెడ్డుకి తెచ్చారు.
కొత్త బెల్టు బిగించి స్టార్ట్ చేశాను.
టైరు మీద కూర్చున్న వెంగమ్మ
తల ఒక పక్కకి వంచి చాలాసేపు విన్నది.
పాదాలు రెండూ మట్టిలో
ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతున్నాయి,
గుంటలో దిగి తొక్కినట్టే.
"ఊఁ, సాగతాంది" అంది.

ఎంతయిందన్నాడు కొడుకు.
బెల్టు నాలుగు వందల ఎనభై, నా కూలి నూటయాభై అన్నాను.
ముసలమ్మ మొంటె ముడి విప్పబోయి ఆగింది.
"బండి ఆపిందెవరు నాయనా?"
"నువ్వే అవ్వా."
"మరి నా కూలి పట్టుకోని చెప్పు."